ద్వారబంధం కింద కుళ్ళు: డ్రై రాట్ అంటున్నారు, గోడంతా కొట్టాల్సిందేనా?

పాతగుమ్మం:

అందరికీ నమస్కారం. నాకు చెక్క గురించి ఏమీ తెలియదు. అందుకే కనిపించినవన్నీ రాస్తున్నాను, ఏది ముఖ్యమో మీరే తేల్చండి.

నాన్నగారు 38 ఏళ్ళ కిందట కట్టించిన ఇల్లు ఇది. పడకగదికీ బాత్రూమ్‌కీ మధ్య ఉన్న ద్వారబంధం, దాన్ని ఆనుకుని గోడలోకి కట్టిన చెక్క బీరువా రెండూ పాడవుతున్నాయి. రెండేళ్ళ కిందట బీరువా అడుగు అరలోంచి దుప్పట్లు తీస్తే తడిసిన ఆకుల వాసన వచ్చింది. ఎండలో వేసి మళ్ళీ సర్దేశాం. తర్వాత గుమ్మం కింది భాగంలో పెయింట్ ఉబ్బింది. చెద పట్టిందనుకుని మందు కొట్టించాం, ఆరు నెలలకి ఇంకోసారి కొట్టించాం. ఒక్క పురుగు కూడా కనిపించలేదు, మట్టి గూళ్ళూ లేవు. అయినా చెక్క పోతూనే ఉంది.

పోయిన వారం బీరువా వెనక పలకని వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. ఊడదీసి చూశాం. చెక్క ముదురు గోధుమరంగుకి తిరిగి, నిలువుగానూ అడ్డంగానూ పగిలి, చిన్న చిన్న ఘనాలుగా విడిపోతోంది. ఒక ముక్కని వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయింది. అసలు బరువే లేదు. పలక వెనక గోడ మీద చెట్టు వేళ్ళలాంటి సన్నని దారాలు పాకి ఉన్నాయి. ఎక్కువ భాగం ముదురు గోధుమరంగు, కొన్నిచోట్ల దాదాపు నలుపు.

చూడటానికి వచ్చిన కాంట్రాక్టర్ ఇది డ్రై రాట్ అన్నారు. గోడలోంచి పాకుతుందట. రెండువైపులా మీటరు మేర ప్లాస్టర్ చెక్కేయాలని, గుమ్మాలన్నీ పీకేసి అల్యూమినియంవి పెట్టుకోవాలని చెప్పారు. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. నాన్నగారికి 74 ఏళ్ళు. ఆ కర్ర దుంగని తానే ఎంచుకుని, దగ్గరుండి కోయించారు. "అది చేవ కర్రమ్మా, దానికేమీ కాదు" అంటారు. చేవ అంటే దుంగ నడిమి గట్టి భాగమట. ఆయన కళ్ళముందే ఆ గుమ్మం పీకించాలంటే నాకు మనసు రావడం లేదు.

డ్రై రాట్ అంటే ఎండు కుళ్ళు అనే కదా. ఎండిన చెక్క ఎలా కుళ్ళుతుంది? గోడంతా నిజంగానే కొట్టాలా? మా పాపకి ఆరేళ్ళు, ఆ గదిలోనే పడుకుంటుంది. తన ఆరోగ్యం గురించి భయపడాలా?

---

సర్దుబాటు:

మా ఇంట్లో కిటికీ చెక్కకి ఇలాగే అయింది. బ్లీచింగ్ నీళ్ళతో బాగా కడిగి, పగుళ్ళలో పుట్టీ పెట్టి, రెండు కోట్లు ఎనామిల్ వేశాం. ఏడాదయింది, పైకి బాగానే ఉంది. పెద్ద ఖర్చుకి దిగేముందు మీరూ ఇది చేసి చూడండి.

---

ఉలిపట్టు:

అమ్మా, ముందు ఆ తలుపు దగ్గర ఎవరినీ ఏమీ కొట్టనివ్వకండి. రెండు మూడు వారాలు ఆగినంత మాత్రాన ఇల్లు కూలదు. నేను ముప్ఫై ఏళ్ళు దాటి కర్రపని చేస్తున్నాను, అందులో సగం పాత ఇళ్ళ రిపేర్లే. అక్కర్లేకుండా కొట్టిన గోడలు చూశాను. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడకుండా కొత్త గుమ్మం పెట్టుకుని, నాలుగేళ్ళకి అదే చోట మళ్ళీ నన్ను పిలిచినవాళ్ళనీ చూశాను.

డ్రై రాట్ అనే పేరు చాలామందిని తికమక పెడుతుంది. ఎండిన చెక్కని ఏ ఫంగసూ తినలేదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం దానికి భయం లేదు. అది 28, 30 శాతం దాటి కొన్నాళ్ళు అలాగే ఉందంటే, గాలిలో ఎప్పుడూ తిరుగుతుండే, ఫంగస్‌కి విత్తనాల్లాంటి సిద్ధబీజాలు అక్కడ మొలకెత్తుతాయి. తినగా మిగిలిన చెక్క చివరికి ఎండి పొడిపొడిగా రాలుతుంది. పూర్వం వాళ్ళు ఆ చివరి రూపాన్ని చూసి ఆ పేరు పెట్టారు. మీ బీరువా పలకలో మీరు చూసింది కూడా ఆ చివరి దశే, కాబట్టి కథ మొదలై చాలాకాలమైంది.

ఇది చెద కాదు. చెద తింటే చెక్క లోపల పీచు వెంబడి సొరంగాలు, వాటిలో మట్టి ఉంటాయి. పుచ్చు పడితే పైన గుండుసూది తలంత చిల్లులు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తాయి. ఘనాలుగా పగలడం, గోధుమరంగుకి తిరగడం, బరువు పోవడం ఫంగస్ పని. పురుగుల కోసం రెండుసార్లు కొట్టించిన మందు ఈ జబ్బుకి పనికొచ్చేది కాదు.

ఇక అసలు సంగతి. ఘనాలుగా పగిలినంత మాత్రాన అది డ్రై రాట్ అని చెప్పేయకూడదు. ఇలా పగలగొట్టే ఫంగస్‌లు చాలా ఉన్నాయి. నిజమైన డ్రై రాట్ అంటే ఒకే ఒకటి, సెర్పులా లాక్రిమాన్స్. అది చెక్కని వదిలి ఇటుక గోడలోకి, ప్లాస్టర్ వెనక్కి పాకి, మీటర్ల దూరంలో ఉన్న ఇంకో చెక్కని అందుకోగలదు. మీ కాంట్రాక్టర్ చెప్పిన మీటరు లెక్క దాని భయంతో పుట్టిందే. రెండోది మామూలు తడి కుళ్ళు. ఎక్కువగా కనిపించేది కోనియోఫోరా ప్యుటియానా. దానికి చెక్క బాగా నానాలి, 50 శాతం దగ్గర తేమ ఉంటే మహా జోరుగా తింటుంది. తడి ఉన్నంత మేరే తింటుంది, గోడ దాటి వేటకి పోదు.

రెండిటినీ వేరుచేయడానికి మీరు ఇంట్లోనే చూడగలిగేవి కొన్ని ఉన్నాయి. గోడ మీది ఆ దారాల్లో లావుగా ఉన్నదాన్ని ఒకదాన్ని తీసి, రెండురోజులు ఆరనిచ్చి వంచండి. సెర్పులా దారం ఎండితే పుటుక్కుమని విరుగుతుంది. కోనియోఫోరాది ఎండినా వంగుతుంది. రంగు కూడా చూడండి. సెర్పులాది బూడిదరంగు, తెలుపు కలిసినట్టు ఉంటుంది, అక్కడక్కడా పసుపు మచ్చలు కనిపిస్తాయి. ముదిరిన కొద్దీ గోధుమ, నలుపు తిరిగేది కోనియోఫోరా. ఇంకోటి, అరల్లోనూ నేల మీదా తుప్పు రంగు పొడి మెత్తగా పరుచుకుందా? మధ్యలో తుప్పు రంగు, అంచున తెలుపు ఉన్న పలచని అట్టులాంటి పెరుగుదల ఎక్కడైనా అతుక్కుని ఉందా? ఉంటే అది సెర్పులా ఫలనాంగం, అంటే సిద్ధబీజాలు పుట్టే భాగం. ఆ పొడి దాని సిద్ధబీజాలే. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. సెర్పులా చల్లదనాన్ని కోరుకుంటుంది. 20 డిగ్రీల చుట్టుపక్కల బాగా పెరుగుతుంది, 26, 27 దాటితే ఆగిపోతుంది. మీ గది ఏడాదిలో ఎక్కువ భాగం అంతకంటే వేడిగా ఉండేదైతే ఆ అనుమానం చాలావరకు తీరినట్టే.

మీరు రాసిన ముదురు దారాలని బట్టి నా అనుమానం కోనియోఫోరా మీదే ఉంది. కానీ అది నా అనుమానం మాత్రమే, దాన్ని పట్టుకుని పని మొదలుపెట్టకండి. ఒక ముక్క, ఒక దారం కాగితం కవర్లో పెట్టి ల్యాబ్‌కి పంపండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, చెమ్మకి పైన బూజు పెరిగి అసలుది కనపడకుండా పోతుంది.

అది ఏదైనా సరే, ముందు నీళ్ళ దారి పట్టుకోవాలి. రెండు సూదులుండే తేమ మీటర్ ఒకటి తెచ్చి గుమ్మం నిలువు కమ్మీ మీద కింద, అడుగు ఎత్తులో, నడుము ఎత్తులో, పైన కొలిచి ఇక్కడ రాయండి. 30 దాటాక ఆ మీటర్ అంకెల్ని మరీ నమ్మకండి, 'బాగా తడి' అని రాస్తే చాలు. సూదులు చెక్కలోనే గుచ్చాలి. ప్లాస్టర్‌లో గుచ్చితే అందులోని ఉప్పుకి మీటర్ లేనిపోని తడి చూపిస్తుంది. తర్వాత ఒక సన్న స్క్రూడ్రైవర్‌తో కమ్మీని కింది నుంచి పైకి పొడుస్తూ వెళ్ళండి. మంచి చెక్కలో మొన దిగదు. గట్టిగా ఎత్తితే పొడుగాటి పీచులా లేస్తుంది. కుళ్ళిన చెక్క పొట్టిగా, శబ్దం లేకుండా తెగుతుంది. ఎక్కడ మారుతోందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి.

సర్దుబాటు గారూ, మీ కిటికీ గురించి బాధగానే చెబుతున్నాను. బ్లీచింగ్ పైనున్న మరకని తెల్లగా చేస్తుంది, లోపలున్న దారాల్ని తాకదు. దాంతో పాటు చెక్క ఇంకొన్ని నీళ్ళు తాగుతుంది. దానిమీద ఎనామిల్ వేస్తే ఆ నీళ్ళు బయటికి పోయే దారి మూసేసినట్టు. వీలు చూసుకుని పుట్టీ పెట్టిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి.

---

నాచుబండ:

నేను జీవశాస్త్రం చెప్పే టీచర్‌ని. శిలీంధ్రాలంటే నాకు చాలా ఇష్టం. ఉలిపట్టు గారు చెప్పిన దానికి వెనక ఉన్న కారణం కొంత చెబుతాను. అర్థమైతే భయం తగ్గుతుందని నా నమ్మకం.

చెక్కలో ఉండే పదార్థాల్లో మనకి ఇక్కడ ముఖ్యమైనవి రెండు. సెల్యులోజ్ పొడుగాటి తాళ్ళలాంటిది, చెక్కకి లాగుడు తట్టుకునే బలం ఇచ్చేది అదే. లిగ్నిన్ ఆ తాళ్ళని అంటించి పట్టి ఉంచే జిగురులాంటిది. మీ ఇంట్లో ఉన్న జాతి సెల్యులోజ్‌ని తినేసి లిగ్నిన్‌ని దాదాపుగా వదిలేస్తుంది. మిగిలిన లిగ్నిన్ గోధుమరంగు కాబట్టి దీన్ని బ్రౌన్ రాట్ అంటారు. తాళ్ళు పోయి జిగురే మిగిలితే ఎండగానే కుంచించుకుని ఘనాలుగా పగులుతుంది. లిగ్నిన్‌ని కూడా తినే జాతులు వేరే ఉన్నాయి. అవి పట్టిన చెక్క తెల్లబడి పీచుపీచుగా అవుతుంది, దాన్ని వైట్ రాట్ అంటారు.

నన్ను ఆశ్చర్యపరిచేది అది తినే పద్ధతి. సెల్యులోజ్‌ని కోసే ఎంజైములు పెద్ద అణువులు, మంచి చెక్క కణం గోడలోని రంధ్రాల్లో పట్టవు. అందుకని బ్రౌన్ రాట్ శిలీంధ్రం ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ ఇనుమునీ కలిపి ఒక రసాయన చర్య నడుపుతుంది. కెమిస్ట్రీలో దాన్ని ఫెంటన్ చర్య అంటాం. అందులో పుట్టే రాడికల్స్ అనే చురుకైన కణాలు చాలా చిన్నవి. అవి సెల్యులోజ్ తాళ్ళని అక్కడక్కడా తెంపి ఎంజైములకి దారి చేస్తాయి. అందుకే ఈ కుళ్ళులో చెక్క చూడటానికి బాగానే ఉన్నప్పుడే బలం పోతుంది. బరువు పదో వంతు కూడా తగ్గకముందే, దెబ్బని తట్టుకునే శక్తి సగానికి పైగా పోవచ్చు. కాబట్టి పైకి బాగుందని ఏ అరమీదా బరువు పెట్టకండి.

సెర్పులా గోడల్లోకి ఎందుకు పోతుందో కూడా చెప్పాలి. అది తింటూ ఆగ్జాలిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అది మరీ ఎక్కువైతే దానికే ఇబ్బంది. సున్నంలోనూ ప్లాస్టర్‌లోనూ ఉండే కాల్షియం ఆ ఆమ్లాన్ని పట్టి ఉంచుతుంది. ఇనుము కూడా దానికి గోడలోనే దొరుకుతుంది. లాటిన్‌లో లాక్రిమాన్స్ అంటే కన్నీరు కార్చేది అని అర్థం. పెరిగే చోట నీటిబొట్లు విడుస్తుంది కాబట్టి ఆ పేరు. ఇళ్ళలో ఇంత భయపెట్టే ఈ జీవి అడవిలో చాలా అరుదు. హిమాలయాల అడవుల్లో పడిపోయిన చెట్ల మీద దొరికిన చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. దాని జన్యుక్రమం 2011లో ప్రచురితమైంది.

ఓడల కథ ఒకటి పిల్లలకి ఎప్పుడూ చెబుతుంటాను. బ్రిటిష్ నౌకాదళం క్వీన్ షార్లెట్ అనే పెద్ద యుద్ధనౌకని 1810లో నీళ్ళలోకి దించింది. సేవలో చేరకముందే దాని చెక్క కుళ్ళిపోవడంతో జేమ్స్ సోవర్బీ అనే ప్రకృతి శాస్త్రవేత్తని పిలిపించి ఏ శిలీంధ్రం పట్టిందో చూడమన్నారు. సరిగ్గా ఆరని చెక్క, గాలి ఆడని అడుగు అరలు, అదీ కారణం. మీ బీరువా అడుగు అర కూడా తలుపు వేసి ఉండే చోటే కదా.

పాప గురించి. ఇది ఒంటిలోకి పాకే జబ్బు కాదు, చెక్కని తినే జాతి మనిషిని తినదు. కానీ సిద్ధబీజాలు, ఆ పొడి ఎక్కువగా పీలిస్తే కొందరికి అలర్జీ, దగ్గు, ఆయాసం వస్తాయి. ఆస్తమా ఉంటే ఇంకా జాగ్రత్త. పని అయ్యేదాకా పాపని వేరే గదిలో పడుకోబెట్టండి. కుళ్ళిన చెక్కని తీసేటప్పుడు మంచి మాస్క్ పెట్టుకోండి. తీసే ముందు కొద్దిగా నీళ్ళు చిలకరిస్తే పొడి లేవదు. గది తలుపు కింద తడిగుడ్డ పెట్టండి.

---

పాతగుమ్మం:

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. చదివి వినిపిస్తుంటే నాన్నగారు కూడా పక్కనే కూర్చున్నారు. పాప ఇప్పుడు నా గదిలో పడుకుంటోంది.

దారం రెండురోజులు ఆరనిచ్చి వంచాను. విరగలేదు, సన్న తీగలా వంగింది. తుప్పు రంగు పొడి ఎక్కడా లేదు. గది ఏడాదిలో చాలా నెలలు 30 డిగ్రీల పైనే ఉంటుంది. ల్యాబ్‌కి ముక్క పంపాను.

తేమ ఇలా ఉంది. బాత్రూమ్ వైపు నిలువు కమ్మీ కింద 38 చూపించింది, మీరన్నట్టు 'బాగా తడి' అనుకుంటాను. అడుగు ఎత్తులో 27. నడుము ఎత్తులో 16. పైన 13. రెండో కమ్మీ కింద 22, పైన అంతా 14 లోపే. స్క్రూడ్రైవర్ బాత్రూమ్ వైపు కమ్మీలో జానెడు ఎత్తు వరకు దిగింది, ఆపైన దిగలేదు. గీత పెట్టాను.

ఇంట్లో అందరం పై కప్పు కారుతోందనుకున్నాం. ఇదేమో కిందే ఎక్కువ చూపిస్తోంది.

---

ఉలిపట్టు:

చాలా బాగా కొలిచారమ్మా. పైన 13, కింద 38 ఉందంటే నీళ్ళు కింది నుంచే వస్తున్నాయి. కప్పు నుంచి కారితే అడ్డ కమ్మీ ముందు తడవాలి.

కింద మూడు అనుమానాలు. గోడలో దాచిన నీళ్ళ పైపు, బాత్రూమ్ నేల, నేల లోంచి ఎక్కే నిమ్ము. మూడోదైతే ఆ గోడ పొడుగునా ఉండాలి, మీకు తలుపు దగ్గరే ఉంది కాబట్టి దాన్ని చివరికి వదిలేద్దాం. పైపు చూడటం తేలిక. రాత్రి అందరూ పడుకున్నాక ఏ కుళాయీ వాడకుండా నీళ్ళ మీటర్ అంకె రాసి పెట్టుకోండి. పొద్దున్నే చూస్తే కదలకూడదు. మీటర్ లేకపోతే ట్యాంక్‌లోకి నీళ్ళు రావడం ఆపి, నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. పైపు బాగుంటే బాత్రూమ్ నేల చూద్దాం. నీళ్ళు పోయే కంతకి గుడ్డ, ప్లాస్టిక్ బిగించి, రంగు కలిపిన నీళ్ళు రెండు వేళ్ళ లోతు నిలబెట్టండి. గడప దాటకుండా చూసుకోండి. ఒక రోజు ఉంచి, బీరువా వెనక గోడ కింద తెల్లకాగితం అంటించి చూడండి.

ఇంకొకటి అడగాలి. ఆ గుమ్మం కమ్మీల అడుగు కొస ఎక్కడ ఉంది? గచ్చు మీద ఆనిందా, గచ్చులోపలికి దిగిందా? ఏడాదికోసారి పెయింట్ వేయించేవారా?

---

పాతగుమ్మం:

నాన్నగారు చెబుతున్నారు, కమ్మీలు గచ్చులోపలికి రెండు అంగుళాలు దించి సిమెంట్ పోశారట, కదలకుండా ఉండాలని. బాత్రూమ్ గుమ్మం కాబట్టి ప్రత్యేకంగా జాగ్రత్త తీసుకుని రెండేళ్ళకోసారి ఎనామిల్ వేయిస్తూనే వచ్చాం.

ట్యాంక్ గీత కదల్లేదు. కానీ రంగు నీళ్ళు నిలబెట్టిన పద్దెనిమిది గంటలకి కాగితం మీద నీలిరంగు వచ్చింది. గడప పక్కన రెండు టైల్స్ మధ్య సందు నుంచి దిగుతున్నాయి. ఆ టైల్స్ ఆరేళ్ళ కిందట కొత్తగా వేయించినవి. అప్పుడు కింద వాటర్‌ప్రూఫింగ్ పొర మళ్ళీ వేయలేదని ఇప్పుడు తెలిసింది.

---

ఉలిపట్టు:

దొరికింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు ఏం జరిగిందో చెబుతాను. నాన్నగారికి కూడా చదివి వినిపించండి. కర్ర కోసిన కొస ఉంటుంది చూడండి, పీచుల నోళ్ళన్నీ తెరుచుకుని ఉండే ముఖం. చెక్క నీళ్ళని పక్కల నుంచి కంటే ఆ కొస నుంచి ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటుంది. మీ కమ్మీ కొస సిమెంట్‌లో ఉంది. టైల్ సందులోంచి దిగిన నీళ్ళు అక్కడే నిలిచాయి. ఆరేళ్ళుగా అది కింద నుంచి తాగుతోంది. పైన చుట్టూ ఎనామిల్ ఉంది కాబట్టి తాగిన నీళ్ళు ఆవిరై పోయే దారి లేదు. కాపాడదామనే పెయింట్ వేశారు, అందులో మీ తప్పు లేదు. దాదాపు ప్రతి ఇంట్లో ఇలాగే చేస్తారు. కింది నుంచి నీళ్ళు అందే చెక్కకి ఆ పొర ప్లాస్టిక్ సంచీ చుట్టినట్టు అవుతుంది.

గోడ కొట్టక్కర్లేదు. ల్యాబ్ సెర్పులా కాదని రాసేదాకా ఆగండి, కానీ ఇప్పటిదాకా అన్నీ అటే చూపిస్తున్నాయి. ముందు ఆ మూల టైల్స్ లేపి, వాటర్‌ప్రూఫింగ్ గడప కిందిదాకా, గోడ మీదికి ఒక అడుగు ఎత్తు వచ్చేలా చేయించండి. ఆ తర్వాతే చెక్క పని. బీరువా వెనక పలక, అడుగు పలక తీసేయండి, అవి ఇక పనికిరావు. గుమ్మం కమ్మీని మీరు పెట్టిన గీతకి ఇంకో అడుగు పైకి కోయించండి. దారాలు కనిపించని మేర కూడా లోపల ఉంటాయి కాబట్టి ఆ అడుగు వదులుకోవాలి. మిగిలిన కమ్మీ మీద ఏటవాలు అతుకు వేసి, అదే జాతి చేవ కర్రని కలపొచ్చు. ఈసారి కొసని గచ్చులో పాతొద్దు. కింద రాతి దిమ్మ గానీ తుప్పు పట్టని లోహపు పాదం గానీ పెట్టి, వేలు పట్టేంత సందు వదిలితే నీళ్ళు తగిలినా ఆరిపోతాయి.

మందు విషయం. కొత్త ముక్కకీ, కోసిన కొసలకీ బోరాన్ మందు పట్టించండి. బోరాన్ నీళ్ళలో కరుగుతుంది, తేమ ఉన్న చెక్కలో తనంతట తానే లోపలికి పాకుతుంది. ఇంట్లో వాడటానికి నాకు తెలిసినవాటిలో అదే మంచిది. వానలో తడిసే బయటి చెక్కకి మాత్రం కొట్టుకుపోతుంది. ఎవరైనా పచ్చగా మందు పట్టిన పాత కరెంటు స్తంభం కర్ర చౌకగా ఇస్తామంటే ఇంట్లోకి తీసుకోవద్దు, దాని ముక్కలు పొయ్యిలో కాల్చొద్దు. అందులో ఆర్సెనిక్ ఉండొచ్చు.

తొందరపడొద్దమ్మా. ఇటుక గోడ ఆరడానికి మాకున్న మోటు లెక్క అంగుళం మందానికి నెల. గాలి బాగా ఆడితేనే అది కూడా. మీ గోడ తొమ్మిది అంగుళాలైతే తొమ్మిది నెలలు పడుతుంది. అప్పటిదాకా బీరువా వెనక కొత్త పలక బిగించకండి. తర్వాత బిగించినా గోడకి ఆనించకుండా వెనక అంగుళం ఖాళీ, అడుగునా పైనా గాలి రంధ్రాలు ఉంచండి.

---

నాచుబండ:

ఆ పచ్చమందు గురించి ఒక మాట. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ఆ మందుని 1933లో కనిపెట్టింది సొంటి కామేశం గారు, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త. రాగి శిలీంధ్రాన్ని ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగుల్ని ఆపుతుంది, క్రోమియం ఆ రెండూ కొట్టుకుపోకుండా చెక్కలో పట్టి ఉంచుతుంది. ప్రపంచమంతా దశాబ్దాలపాటు స్తంభాలకీ వంతెనలకీ అదే వాడారు. ఆర్సెనిక్ భయం వల్ల 2003 తర్వాత అమెరికాలో ఇళ్ళ పనులకి చాలావరకు ఆపేశారు. ఆయన పేరు మన పాఠాల్లో కనబడకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

---

పాతగుమ్మం:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను.

ల్యాబ్ నుంచి కోనియోఫోరా అని వచ్చింది. గోడ కొట్టలేదు. టైల్స్ పని అయిపోయింది. మళ్ళీ రెండురోజులు రంగు నీళ్ళు నిలబెట్టి చూశాం, కాగితం తెల్లగానే ఉంది.

నిన్న కమ్మీ కోశారు. కోసిన ముక్కని వడ్రంగి నిలువుగా చీల్చి చూపించారు. గోడవైపు అంచున రెండు వేళ్ళ వెడల్పున ఉన్న తెల్ల చెక్క (చేవ కాని బయటి భాగం), కింద సిమెంట్‌లో ఉన్న కొస మాత్రమే పొడి అయిపోయాయి. మధ్యలో చేవ ఎర్రగా, గట్టిగా, ఇంకా నూనె వాసనతో ఉంది. నాన్నగారు ఆ ముక్కని చేతిలో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "కోయించినప్పుడు ఆ తెల్ల అంచు తీసేయమన్నాను, కొంచెమే కదా అని వదిలేశారు" అన్నారు.

పైన మిగిలిన కమ్మీ అంతా అలాగే ఉంది. ఎనామిల్ గీకించేశాం. ఈ పొద్దున కొలిస్తే అడుగు ఎత్తులో 27 ఉన్నచోటు పోయింది కాబట్టి, ఆపైన రెండు అడుగుల ఎత్తులో 19 ఉంది. ఉలిపట్టు గారూ, అతుకు ఇప్పుడే వేయించొచ్చా, ఇంకా ఆరాలా?

---

ఉలిపట్టు:

ఇంకొన్నాళ్ళు ఆరనివ్వండి. 19తో చెక్కకి ప్రమాదం లేదు, కానీ అతుకు జిగురు పట్టాలంటే 15 లోపు రావాలి. కొత్త ముక్కని కూడా తెచ్చి ఇప్పటినుంచే అదే గదిలో ఉంచండి, రెండూ ఒకే తేమకి వస్తే అతుకు తర్వాత విచ్చుకోదు. కొత్త ముక్కలో తెల్ల అంచు ఒక్క గీత కూడా మిగలకుండా తీసేయమనండి. దగ్గరుండి చూడమని నాన్నగారికి చెప్పండి.

---

సర్దుబాటు:

కిటికీ పుట్టీలో పొడిచాను. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. ఎనామిల్ గీకడం మొదలుపెట్టాను. తేమ మీటర్ రేపు వస్తుంది, అంకెలు కొత్త పోస్టులో రాస్తాను. ఉలిపట్టు గారూ, దయచేసి చూడండి.